నరం అనే ఒక్క మాట

మా సిరోంచల అన్నిటికీ ఒక్కటే మాట: నరం.
మెడ తిరగకపోతే నరం పట్టిందంటరు,
నెత్తురు ఆగకపోతే నరం తెగిందంటరు,
మాట మార్చెటోన్ని చూసి
నరం లేని నాలుక అంటరు.
ఆ ఒక్క మాటను మోచేతి మడతల విప్పి
నాలుగు ముక్కలు చేసుడే
ఇరవై ఆరేండ్ల సంది నా నౌకరి.

గుంజేది ఒకటి. గట్టి తాడు,
చెయ్యి మడిస్తే వేలి కింద లేస్తది.
దాని పక్కకు కొట్టుకునేది ఒకటి,
గుండె పంపిన ధమని. దాన్ని ముట్టద్దు.
ఇంకా లోపలికి, డొక్క దిక్కు,
కబురు మోసేది ఒకటి,
బొటనవేలికి, చూపుడు వేలికి, నడిమి వేలికి.
దాన్ని అసలే ముట్టద్దు.
వీటన్నిటి మీద, తోలు కిందనే,
ఎవరి గొడవా తనకు పట్టనట్టు
నీలంగ పండుకున్న సిర.
అదొక్కటే నాది.

చంద్రపూర్ల ట్రైనింగు నాడు
ఖోబ్రాగడే సార్ ఒక చచ్చిన చేతిని విప్పి
సిరకూ ధమనికీ నడుమ
ఉల్లిపొరంత తెల్లటి పట్టీ ఎత్తి చూపిండు.
దండకండ తన తాడుల నుంచి పక్కకు పరిచిన పొర.
"వెనకట నెత్తురు తీసెటోళ్ల చేతులు వణికినా
మనుషులు బతికిండ్రంటే, ఇది అడ్డముండబట్టే" అన్నడు.
ఆ చెయ్యి ఎవరిదో చెప్పలే.
గోర్లల్ల ఇంకా సున్నం ఉండె.

సిరలను నదులంటరు చదువుకున్నోళ్లు.
నేను ప్రాణహిత ఒడ్డున పుట్టిన,
వేలు పెడితే నది పక్కకు జరగదు.
సిర జరుగుతది. చలికి దాక్కుంటది.
భయపడ్డోళ్ల చేతుల్ల
ఉండి కూడ లేనంటది.
దాన్ని కండ్లతోని దేవులాడద్దు;
కరెంటు పోయిన పూటలే
నాకు తొందరగ దొరికినయ్.

మా అత్త అనేది,
ఒకల మోచేతి నీళ్లు తాగి బతకద్దు బిడ్డా అని.
అత్తా, ఇంటి మీది రేకులు, పెద్దోని ఫీజు,
నువ్వు పోయిన నాటి ఖర్చు,
అన్నీ మోచేతి గుంటల్లకెల్లే వచ్చినయ్,
అయిదు మిల్లీలీటర్ల లెక్కన.

ఒక్కపారి తప్పిన.
నావ నడిపే తోకల బక్కయ్య చెయ్యి.
సూది లోపలి దిక్కుకు పోయింది,
ఎగిరిపడ్డడు, కరెంటు కొట్టిందన్నడు.
బొటనవేలు, చూపుడు వేలు తిమ్మిరెక్కి
నెల దినాలు తెడ్డు పట్టలే.
తిట్టలే కూడ. "నరమే కదా బిడ్డా" అన్నడు.
ఏ నరమో చెప్పబోయిన.
నోటికి మాట దొరకలే.

తునికాకు కోత మొదలైనంక
జానో మడావి వస్తది తండ్రి సైకిల్ మీద.
పదకొండేండ్లు.
దాని నెత్తురు కణాలు కొడవళ్ల తీరు వంగుతయ్,
ఇరుకు సందుల్ల చిక్కుకుంటయ్.
పెద్దోళ్లే ఒర్రే నొప్పి అది.
ఆ పిల్ల ఒర్రది, గోడ మీది క్యాలెండర్ చూస్తది.
కుడి మోచేతిల సిర నులకతాడయింది,
పొడిచి పొడిచి నేను చేసిందే.
ఎడమ చేతికి, బయటి దిక్కు, ఒక్కటి మిగిలింది.
సీస అడుగున నూనెలెక్క
దాన్ని పొదుపుగ వాడుతున్న.

సూది తీసి దూది పెట్టినంక
చెయ్యి మడువు అంట.
హాత దుమడ్ అంట.
మాడియాల ఆ మాట నాకింకా రాదు,
నా చెయ్యే మడిచి చూపిస్త.
ఇయ్యాల జానో ఆ మాట చెప్పింది, మెల్లగ.
నేను తప్పు పలికిన.
మల్ల చెప్పింది. మల్ల తప్పే.
నవ్వింది, మొదటిపారి, ఈ గదిల.

దూది రాలకుంట
మోచేతిని ఛాతీకి అదిమి పట్టుకొని పోయింది,
మడతల పిట్టపిల్ల ఏదో ఉన్నట్టు,
ఊపితే లేస్తదన్నట్టు.